తాలు గడి

హాంబర్గుల కొన్నరు సాఫ్ట్‌వేరు.
ఢాకా, కొలంబో, గ్వాంగ్‌ఝౌ, ఏనుమాముల —
నాలుగు ఆఫీసులకు ఒకటే లైసెన్సు.
తారీఖు సుత అక్కడిదే:
రాత్రి మూడింటికి ఇక్కడ దిగిన తేజ బస్తాలు
నిన్నటి ఖాతల పడుతయి.

గ్రేడు గడిల రెండే మాటలు —
మంచిది, పారేసేది.
మరి తాలు?
రంగు పోయినా ఘాటు చావని కాయ,
సగం ధరకైనా అమ్ముడువొయ్యే కాయ,
దాన్నెక్కడ రాయాలె?

హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేసిన.
వచ్చిన ఇంగ్లీషంత ఒడిసింది.
"పాడైందా, కాలేదా?" అంటది ఆ పిల్ల,
ఓపికగనే.

ముచ్చికలు తుంచుకుంట కొంరమ్మ నవ్వింది:
"గంత దూరం పోయి కొన్నోళ్లు
ఒక్క తాలుకాయ జేబుల ఏసుకపోతే సరిపోతుండె గద సారూ!"

ఫిర్యాదు నంబరు పదకొండు అంకెలు.
కాయితం దొరకక
తాలు బస్తా మీదనే బొగ్గుతోని రాసిన.
పొద్దుగాల ఆ బస్తా అమ్ముడువోయింది.