గోడమీది రూపాయి

మా రేకుల పాకలో ఫ్యాను ఉండదు.
గాలి తగిలితే రేకు చిట్లుతుంది.
కిటికీకి కూడా గోనెసంచి కట్టేస్తాం.
ఆ కదలని గాలి
మాకెంత కావాలో
వాటికీ అంతే కావాలని
చాన్నాళ్ళు నాకు తట్టలేదు.

జావలో ముంచిన గుడ్డని
బోర్లించిన కుండమీద ఇలా లాగుతానా,
రెప్ప వాల్చేలోగా రేకు లేస్తుంది.
పైన దూలానికి
ఇంకొకరి పని నడుస్తూ ఉంటుంది.
వాళ్ళకి పొయ్యి లేదు, కళ్ళు మండే పొగ లేదు,
వందకింత అని లెక్కకట్టే షావుకారు లేడు.

బూజుతో నాకు పేచీ లేదు.
వెదురుకి కొబ్బరి చీపురు కట్టి
పదిరోజులకోసారి దులిపేస్తాను.
కింద పడేదంతా పాతదే,
ఎవరూ కాపురం ఉండని కొంప.
కొత్తది మర్నాటికే ఉంటుంది
ఎవరో ఇప్పుడే ముడేసి వెళ్ళినట్టు.

పేచీ అంతా ఆ పెద్దదానితో.
అరచెయ్యంత ఉంటుంది.
గూడు కట్టదు, వల వెయ్యదు,
ఊరికే గోడనంటుకుని చూస్తుంది
పొట్టకింద తెల్లటి బిళ్ళతో.
అచ్చం రూపాయి.

"డబ్బు మోసుకొచ్చే పురుగు, చంపకే" అంటుంది పేరిందేవత్త.
"పాకిందంటే ఒళ్ళంతా పొక్కులే, చంపెయ్" అంటుంది ఆడపడుచు.
పోయినేడు మా లోవకుమారి మెడమీద పొక్కులు లేస్తే
పసుపూ వేపాకూ నూరి రాసి
ఆ నేరం దీనిమీదే వేశారు.
లొల్లలో డాక్టరమ్మ అది వేరే జబ్బంది.
మందు మారింది గానీ
తీర్పు మారలేదు.

మొన్న బుధవారం గంగరాజు ఫోను.
"ఆయ్, హైదరాబాదు పార్టీ వస్తన్నారండి పాక చూడ్డానికి.
పురుగూ పుట్రా కనపడకూడదండి."
అది విని లోవకుమారి
పీటెక్కి చెప్పు ఎత్తింది.

ఆగు అన్నాను.
ఎందుకన్నానో వెంటనే నాకూ తెలీదు.
పదకొండు రోజుల్నించి చూస్తున్నాను దాన్ని,
ముందునుంచే బొద్దింక నడిచిపోయినా
ఒక్క అడుగు వెయ్యలేదు.
తినడానికి నోరు ఖాళీ ఉంటేగా,
బిళ్ళని పట్టుకున్నదీ ఆ నోటితోనే.
ఏడో నెలలో నేనూ
సెగ కడుపుకి తగలకుండా
పక్కకి తిరిగి కూర్చుని రేకులు తీసేదాన్ని.
ఆ మాట పిల్లతో అనలేదు.

స్వీటు డబ్బా ఒకటి తెచ్చాను,
పన్నెండు పట్టేది,
మీద బంగారు అక్షరాల్లో ఆత్రేయపురం అని ఉన్నది.
గోడకి బోర్లించి
ఎవరిదో దళసరి శుభలేఖ కిందనించి జరిపాను.
వధువు పేరు దగ్గర కాస్త అడ్డం పడి
మళ్ళీ కాళ్ళు ముడుచుకుంది.
కాలవగట్టు దాకా నడుస్తుంటే
డబ్బాలో టపటపమని చినుకుల చప్పుడు.
చేతులు వణికాయి, అబద్ధమెందుకు.
అరటిబోదె పక్కన మూత తీసి
వెనక్కి చూడకుండా వచ్చేశాను.

పార్టీ వచ్చారు.
దూలాలవైపు తలెత్తి చూశారు,
నేతి రేకులు చెరో రెండు తిన్నారు,
చేతులు తుడుచుకున్నారు.
ఆ రాత్రినించీ బెల్లం గిన్నె చుట్టూ
బొద్దింకలు తిరునాళ్ళు చేసుకుంటున్నాయి.
అత్త నావైపు చూసి ఏమీ అనదు.
అనకపోవడమే ఆవిడ అనడం.

నిన్న కిటికీ గోనె మార్చుదామని విప్పితే
గోడకి అంటుకుని ఇంకో బిళ్ళ,
ఎప్పటిదో, ఎవరిదో.
అంచు చిరిగి, లోపల ఎవరూ లేక,
ఖర్చయిపోయిన రూపాయి.
వెలుతురుకి పెట్టి చూశాను.
ముప్ఫయ్యేళ్ళుగా రేకులు తీస్తున్నాను,
ఇంత పలచన ఒక్కటీ రాలేదు.

"వంద ఎంతకి పోతాయమ్మా ఇవి?"
లోవకుమారి వేలు చాపింది.

ముట్టుకోకు,
చిట్లుతుంది.