నిమ్మ తడి

టౌన్స్‌విల్‌లో మేం అద్దెకున్న ఇంటికి
పెరట్లో నిమ్మచెట్టు ఉచితం.
కాయలు రాలి కుళ్ళుతుంటే ప్రాణం ఒప్పేది కాదు.
పప్పులో పిండాను, పులిహోర కలిపాను,
ఇత్తడి కుందులు తోమాను.
చివరికి పిల్ల మోచేతులు కంటపడ్డాయి.

ఎవరో అన్నారులే, ఎవరింటి భోజనాల్లోనో,
"మీ మేఖల మోచేతులు భలే నల్లబడ్డాయే" అని.
ఆవిడ్ని అని లాభం లేదు.
ఆ మాట మా ఇంట్లో మూడు తరాలుగా తిరుగుతున్నదే.
నా మెడ మీదా రుద్దారు దాన్ని.

శనివారం పొద్దున్నే వెనక మెట్ల మీద కూర్చోబెట్టి
నిమ్మచెక్క పంచదారలో అద్ది
గుండ్రంగా, గుండ్రంగా.
"మండుతోందమ్మా."
"మండితేనే పనిచేస్తున్నట్టు."
కదలకుండా రెండో చేత్తో భుజం పట్టుకున్నాను,
రసం మణికట్టు దాకా కారుతున్న చేత్తో.

పదింటికి నెట్‌బాల్.
ఇక్కడి ఎండ రేడియోలో అంకె చెప్పి మరీ కాస్తుంది.
ఆ రోజు పదమూడన్నారు.
చేతుల్లేని జెర్సీలో నా కూతురు
రెండు గోల్స్ వేసింది. చప్పట్లు కొట్టాను.

ఆదివారం ఎరుపు. సోమవారం నీటిపొక్కులు.
కలబంద రాశాను. ఇంకో చిట్కా.
వారం తిరిగేసరికి
భుజం మీద ముందు నాలుగు గీతలు,
వెనక ఒక బొటనవేలు,
కాఫీ మరకంత ముదురుగా.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు
ఆ భుజాన్ని చాలాసేపు చూశాడు.
తర్వాత నా చేతుల్ని.
"మీరు కాస్త బయట కూర్చుంటారా?"
అంత మర్యాదగా నాతో ఈ దేశంలో ఎవరూ మాట్లాడలేదు.

నారింజరంగు ప్లాస్టిక్ కుర్చీ.
తలుపవతల నా గురించి ఏదో చెబుతోంది నా బిడ్డ.
కొట్టలేదు, ఎప్పుడూ కొట్టలేదు అని
తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకుంటున్నాను.
కొట్టారా అనే అడుగుతారో,
బాధపెట్టారా అని అడుగుతారో.
రెండోదానికి నా దగ్గర జవాబు లేదు.

నర్సు ఎనిడ్ వచ్చింది,
థర్స్‌డే దీవి మనిషి, తల సగం నెరిసింది.
పక్కన కూర్చుని మెల్లగా,
"మీ ఇంట్లో నిమ్మచెట్టుందా?" అంది.

పులుపొక్కటే కాదట, ఆ రసంలో ఇంకేదో ఉందట,
ఎండ తగిలితే చర్మాన్ని ఉడికిస్తుందట.
బార్లో నిమ్మకాయలు కోసే కుర్రాళ్ళు
ఇలాంటి చేతులతోనే వస్తారట.
పిల్లల మీద తల్లుల వేళ్ళు
తను ఇంతకుముందూ చూసిందట.

ఎవరూ నన్నేమీ అనలేదు.
ఒక పూతమందు, పొడుగు చేతుల చొక్కా,
మచ్చ పోవడానికి నెలలు.

ఒక రాత్రి తను నిద్రలో ఉండగా
నా వేళ్ళు ఆ మచ్చల మీద ఆనించి చూశాను.
సరిగ్గా సరిపోయాయి.

చెట్టు ఇంకా కాస్తూనే ఉంది. పప్పులో పిండుతూనే ఉన్నాను.
జడ వేయడానికి పిల్లని పిలిచే ముందు మాత్రం
సబ్బుతో కడిగిన చేతుల్ని
మళ్ళీ ఒకసారి వాసన చూసుకుంటాను.