నలభై గ్రాములు

అక్క గుండు నెట్టేది.
నేను పోయి తెచ్చేది.
నా చిన్నతనమంతా ఇంతే పని.

"విసిరినావు" అంటే దస్తగిరమ్మకు కోపం.
"విసిరేది కుక్కల మీదికి రా.
గుండును నెట్టాల, మెడకాడి నుంచి,
బిగుసుకుపోయిన తలుపును తోసినట్టు."

నిడుజువ్విలో రాయికి కరువు లేదు.
ఇనుముకే.
మొదటి ఏడాది నాయన గనిలోంచి నాపరాయి తెచ్చి
మూడు రాత్రులు ఉలితో గుండ్రంగా చెక్కినాడు.
అంగట్లో తూచితే నాలుగుంబావు కిలో.
"ఎక్కువుంటే మంచిదేలే" అన్నాడు,
ఎక్కువ మోయడం తప్ప వేరే తెలివి నేర్వని మనిషి.

అమ్ముడుపోని పగుళ్ల బండలతో
ఏడడుగుల వలయం ఆయనే పరిచినాడు,
ముందర అడ్డానికి తుమ్మమొద్దు.
ఎర్రగుంట్ల నుంచి డ్రిల్లుసారు దేవసహాయం వచ్చి
చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టినాడు.
అసలైన గుండు ఆయన ఇచ్చిందే.
బడి రిజిస్టరులో అది ఇప్పటికీ
పోయినట్టే రాసుంటుంది.

అక్క ఎదగడం నాకు
నేను వెనక్కి జరగడంగా తెలిసింది.
ఎనిమిది మీటర్ల కాడ కంపచెట్టు.
పదకొండు దాటినాక రమిజాబీ బర్రెను కట్టేసే గుంజ,
(బర్రె ఒగ పూట పాలియ్యలేదు, తిట్లు నాకు పడినాయి)
పద్నాలుగున్నరకు గోడ.
గోడ పగిలిన రోజు ఊరంతా చప్పట్లు.
మరుసటి రోజు గోడగలాయన
సిమెంటు ఖర్చు రాసిన చీటీ పంపినాడు.

దవడ కింద నల్లగా కాయ కట్టింది.
మాయమ్మ రాత్రిపూట ఆముదం రుద్దేది.
పీర్ల పండక్కొచ్చిన చుట్టాలు
"ఏం జబ్బు పిల్లకు?" అంటే
"జబ్బు కాదు, నేషనల్స్" అనేది,
ఆ మాటకు అర్థం తెలీకుండానే, గొప్పగా.

గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం. టికెట్ల కిటికీ.
చిల్లర ఇచ్చే ఆ చెయ్యి
కొలంబోలో కంచు తెచ్చిందని
క్యూలో ఎవరికి తెలుసు?
పెద్ద ఆటలకు ఆరు సెంటీమీటర్లు తక్కువపడింది.
నాయన వేలు మడిచి చూసుకున్నాడు.
బండ కోసేటప్పుడు
అంత ముక్కను పొడి కింద రాసేస్తారంట.

దోహా రాత్రి
నా ఫోను చుట్టూ పదిమందిమి.
అక్క వలయంలో తిరిగింది, చెయ్యి లేచింది,
గుండు గాల్లో ఉండగా
బొమ్మ ఆగిపోయింది.
"ఇంకా పడలేదా?" అని నాయన.
ఎనిమిది నిమిషాలు.
తర్వాత ఎవరో ఫోన్ చేసి ఆరో స్థానమన్నారు.
నాయన పోయి నాలుగేండ్లాయ.
ఆయనకు ఆ గుండు
పడనే లేదు.

మోకాలు మూడోసారి కోసినాక
అక్క ఏమీ చెప్పలేదు.
బూట్లు మాత్రం కడిగి
ఎండలో పెట్టి
మర్చిపోయింది. లేదా మర్చిపోయినట్టుంది.

మొన్న ఆదివారం ఒగ పిల్లను వెంటబెట్టుకొచ్చింది.
పేరు శిరోమణి, ఏడో తరగతి,
భుజాలు చూస్తే తొమ్మిది.
నా కిరాణా అంగట్లో
బెల్లం దిమ్మెల వెనక నుంచి
పాత గుండు తీసి తక్కెట్లో పెట్టినాను.
ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడినాయి:
మూడు కిలోల తొమ్మిదినూట అరవై.

"పోటీకి దీన్ని రానియ్యరు" అంది అక్క.
"నలభై గ్రాములు తక్కువ."
యాడ పోయినాయో అడగలేదు.
నేనూ అడగలేదు.
గోరు కింద తుప్పును చూసుకుంటా ఉండిపోయినాను.

ఈలోపల ఆ పిల్ల
తక్కెట్లోంచి గుండును ఎత్తి
దవడ కింద ఆనించుకుంది.
వలయంలో బండలు రెండు లేచిపోయుండాయి.
తుమ్మమొద్దును చెదలు తినింది.

"విసరద్దు" అంది అక్క. "నెట్టు."

కంపచెట్టు ఇప్పుడు లేదు.
అది ఉండిన చోటే
దుమ్ము లేచింది.

నాకు నలభై ఒగటి.
బేరానికొచ్చిన మనిషి ఉప్పు ప్యాకెట్టు పట్టుకొని నిలబడే ఉంది.
ఎవరూ చెప్పకముందే
నేను తేవడానికి బయల్దేరినాను.