సగం ముక్క

పేయెట్ నుంచి ఆంటారియోకి పది నిమిషాలు.
మధ్యలో స్నేక్ నది, నది మీద వంతెన,
నడుమెక్కడో కంటికి ఆనని గీత.
ఐడహో ఒడ్డున నేరం. ఆరెగాన్ ఒడ్డున రసీదు.

డెబ్భై రెండేళ్ల గ్రాసియానాని
కౌంటరు కుర్రాడు కార్డు చూపించమంటాడు.
"ఇరవై ఒకటి నిండాయో లేదో చూడాలి కదండీ."
ఆమె నవ్వదు. ఉల్లిగడ్డలు ఏరి ఏరి
కొంకర్లు పోయిన వేళ్లకి
పర్సు జిప్పు లాగడమే ఒక పని.

కొనొచ్చు. వీధిలో తినకూడదు.
తిని బండెక్కకూడదు.
ఇంటికి పట్టుకెళ్లకూడదు, అది వేరే రాష్ట్రం.
నొప్పి మాత్రం
ఏ తనిఖీ లేకుండా వంతెన దాటేస్తుంది.

అందుకే గురువారం రాత్రి పడక వెర్లా ఇంట్లో.
బీన్స్ సూపు, పేక,
పంచదార సీసా వెనక
గంజాయి జెల్లీల రేకు డబ్బా.
ఒక్క బిళ్లని చాకుతో రెండు చేస్తుంది వెర్లా.

గోడ మీద ఫోటోలో ఆమె కొడుకు,
పంతొమ్మిదేళ్లప్పటి జుట్టు.
ఎనభై మూడులో అవతలి ఒడ్డున
జేబులో చిటికెడు ఆకుతో దొరికాడు.
ఆ కేసు ఇంకా అతని పేరు వదల్లేదు.
పట్టుకున్న డిప్యూటీ షెరీఫ్
గ్రాసియానా మొగుడు.

ఇన్నేళ్లూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.
ఈ వారం పేక పంచుతూ వెర్లా అంది:
"మీ ఆయనుంటే ఈ సగం ముక్కకి
నిన్నేం చేసేవాడు?"

గ్రాసియానా చేతిలో ముక్కలు సర్దుకుంది.
"ఏం చేస్తాడు,
నేను వంతెన దాటేదాకా ఆగేవాడు."

ఆ తర్వాత చాలాసేపు
వంతు ఎవరిదో
ఇద్దరికీ గుర్తులేదు.