పిండి కొద్దీ

బ్రాగాలో ఏడో రోజు వాన.
గొడుగు మూయకుండానే లోపలికొచ్చాడు ఆడెలీనూ,
చంకలో బొలోటా.
ఓక్ కాయ రంగుందని పెట్టిన పేరు.
ఇప్పుడా రంగు వీపు మీదే మిగిలింది.

పొట్ట కింద ఏనుగు తోలు.
నాకి నాకి పాదాల తెల్ల బొచ్చు
తుప్పు పట్టింది.
చెవి మడత విప్పితే
పులిసిన పిండి వాసన.
"నా వాసనే కదా డాక్టర్!" నవ్వాడు రొట్టెలవాడు.
నేను నవ్వలేదు.

రెండు వేసవులు స్టెరాయిడ్ మాత్రలిచ్చింది నేనే.
తగ్గిందనుకున్నాం.
బకెట్లకొద్దీ నీళ్లు తాగి వంటగది తడిపింది.
మాత్ర ఆపిన వారానికి
మళ్లీ కాలు చెవి దగ్గరికి.
నిప్పు మీద గుడ్డ కప్పి
పొగ రావట్లేదుగా అన్నట్టుంది
నేను చేసిన వైద్యం.

ఈసారి మొదటినుంచి.
దువ్వెనలో రాలిన నల్ల నలుసుల్ని
తడి కాగితం మీద నొక్కాను.
ఎర్రబడితే మిన్నల్లి.
ఎర్రబడలేదు.
బ్లేడుతో గీకి, నూనె చుక్కలో తేల్చి
మైక్రోస్కోపులో వెతికాను.
గజ్జి పురుగు లేదు.
లేనివాటిని ఒక్కొక్కటే పోగుచేసుకోవడం
మా విద్యలో సగం.

"ఎనిమిది వారాలు గుర్రం మాంసం, బంగాళాదుంప.
ఇంకేదీ వద్దు. రొట్టె ముక్క కూడా."
"రొట్టె కూడానా?"
కనుబొమల మీది పిండి కింద
అతని మొహం ఎర్రబడింది.

దురద పదికి ఎంతో రోజూ రాయమన్నాను.
ఆర్డర్ చీటీల వెనక రాశాడు:
ఎనిమిది. ఎనిమిది. తొమ్మిది, రాత్రంతా గోకుడే.
ఐదో వారం ఒక చీటీలో వేరే చేతిరాత:
"అది చూసిన చూపుకి ఆగలేక
చీజ్ ముక్క పెట్టాను. మా మరిదికి చెప్పొద్దు.
దియోలిందా."
చెప్పలేదు.
"మళ్లీ మొదటి వారం నుంచి" అన్నాను, అంతే.
చలికాలం అలాగే గడిచిపోయింది.
చివరికి తేలింది:
తిండి తప్పేం లేదు.

మార్చిలో మత్తిచ్చి, పక్కటెముకల మీద బొచ్చు గొరిగి
స్కెచ్ పెన్నుతో వరుసలుగా చుక్కలు పెట్టాను.
చుక్క చుక్కకీ ఓ సన్నసూది:
గడ్డి పుప్పొడి, ఆలివ్ పుప్పొడి,
ఇంటి దుమ్ములో పురుగు, బూజు...
పావుగంట ఆగాలి.
బొలోటా గురక. గోడ గడియారం.
అతని చేతుల్లో టోపీ ముద్దవుతోంది.

పదిహేడో చుక్క లేచింది,
శనగబద్దంత.
వేలితో తడిమాను. దీపం ఏటవాలుగా పెట్టి
స్కేలుతో కొలిచాను.
చూడక్కర్లేని పేరు పుస్తకంలో చూశాను,
చెప్పే క్షణాన్ని కాస్త అవతలికి జరపడానికి.

"నిల్వ పిండిలో బతికే పురుగు.
కంటికి కనపడదు.
మీ చొక్కాలో, కనురెప్పల్లో,
గోళ్ల సందుల్లో ఇంటికొస్తుంది."

పిండి కొద్దీ రొట్టె అంటారు.
ఇక్కడ పిండి కొద్దీ దురద.
నాలుగేళ్లుగా, తెల్లారి ఏడింటికి
తలుపు తీయగానే దాన్ని ఎత్తుకున్న ప్రేమంతా
తెల్లగా, మెత్తగా,
ఆ పురుగుతో సహా.

అతను చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు.
"మానేయమంటారా?"
దేన్నో అతను చెప్పలేదు.
నేను అడగలేదు.

నయమవుతుందనీ అనలేదు.
ఆ మాట మా అలమరలో లేదు.
ఆ పురుగు సారాన్నే చుక్కలు చుక్కలుగా
చర్మం కింద, నెలల తరబడి,
ఒళ్లు దానికి అలవాటు పడేదాకా.
పడకపోనూవచ్చు.
ఈలోగా వారానికో స్నానం, చెవులకు మందు, రోజూ ఓ మాత్ర.

బేకరీ వెనకాలే షవర్ పెట్టించుకున్నాడు.
కోటు అక్కడే విప్పేసి
తడి తలతో ఇంటికి.
మొదటి వారం బొలోటా మొరిగిందట,
సబ్బు వాసనేస్తున్న ఆ కొత్త మనిషిని చూసి.
దియోలిందా చెప్పింది.
అతను చెప్పలేదు.

నిన్న నవంబరు చీటీలు తెచ్చాడు.
మూడు. మూడు. నాలుగు, వాన. రెండు.
ఒక తేదీ దగ్గర అంకె లేదు.
"ఆ రోజు?"
"మర్చిపోయాను డాక్టర్.
పడుకుండిపోయాం,
ఇద్దరం."