పదకొండో పేజీ మార్జిన్

శిక్షణలో మాకిచ్చింది రబ్బరు చెయ్యి.
దానికి గాజుల్లేవు, మచ్చల్లేవు,
సూది గుచ్చితే అబ్బా అనదు.
ఒంగోలు నుంచి వచ్చిన నుస్రత్ మేడం
అగ్గిపుల్లంత కడ్డీని తోలు కిందికి జరిపి
"ఇంతే, రెండు నిమిషాలు" అంది.
ఇంతే.
అరవై పేజీల పుస్తకం, ఒక సంతకం, ఒక సమోసా.

పుస్తకం కొండపి తెచ్చుకుని
రాత్రి డ్యూటీలో పెన్సిలుతో చదివా.
"క్రమరహిత రక్తస్రావం" అని ఉంది.
ఆ మాటతో నేనెవరి గుమ్మం ఎక్కను?
పక్కన రాశా:
కొందరికి చుక్కలు చుక్కలుగా కనపడుద్ది.
కొందరికి నెలల తరబడి అసలు రాదు.
రాకపోతే కడుపని కాదు,
చెడు రక్తం లోపల పేరుకున్నట్టూ కాదు.
ఇంకా కింద, చిన్నగా:
చుక్క కనపడ్డ ప్రతిరోజూ కోడల్ని వాకిట్లో కూర్చోబెట్టే
అత్తతో కూడా మాట్లాడాలి.

టీబీ మాత్రలు వాడుతున్నారా అని అడగమంది. మంచిదే.
గ్రేడింగు షెడ్డులో దగ్గు లేనిదెవరికి?
ఇద్దర్ని ముందు కఫం పరీక్షకి పంపా.

పదకొండో పేజీ దగ్గర సలోమి ఆపేసింది.
"ఎక్కువగా పని చేయని చేతికి అమర్చవలెను."
ఏ చేతికి నీకు పని తక్కువ, అనడిగా.
పొగాకు జిగురు నల్లగా పట్టిన రెండు చేతులూ
పుస్తకం మీద పెట్టి
ఎవరివో చూసినట్టు చూసింది.
"కర్రకి ఆకు కట్టేటప్పుడు
ఎడమది పట్టుకుంటుద్ది, కుడిది తిప్పుద్ది.
తట్ట ఎత్తేటప్పుడు రెండూ.
పన్లేని చెయ్యి నాకు యాడుందమ్మా?"

తను నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
కళ్ళు మూసుకుని, గాల్లో ఆకు కట్టి చూసుకుంది.
ఒకసారి. మళ్ళీ.
లైన్లో వాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు.
"ఎడమదే" అంది చివరికి.
"కానీ రాత్రిళ్ళు పాప తల దాని మీదే. ఒత్తుకోదా?"

పుస్తకంలో వెతికా. పాప తల లేదు.
ఒంగోలుకి ఫోన్ చేశా. మేడం కాసేపు ఆగి
"కట్టు విప్పేదాకా ఇటుపక్క పడుకోబెట్టమను,
తర్వాతేం కాదు" అంది.
అదీ రాశా. మార్జిన్ నిండిపోయింది.

చేతులు కడుక్కొచ్చింది. మత్తు సూదికి మాత్రం
పళ్ళు బిగబట్టింది.
అయ్యాక వేలితో తనే తడిమి
"ఉందే" అంది, కొంగుముడిలో చిల్లర చూసుకున్నట్టు.
"ఆయన చెయ్యి పట్టుకుంటే తెలుసుద్దా?"
తడిమితే తెలియొచ్చు, అన్నా. అబద్ధం చెప్పలేక.
"చెప్తాలే" అంది. "ఇయ్యాల కాదు."

కార్డు మీద తీయాల్సిన తేదీ వేశా. చదవలేదు.
మూడు పొగాకు వేలాలు అయిపోయినాక, అన్నా.
ఈలోపు వద్దనిపిస్తే ఎప్పుడైనా రా,
కారణం చెప్పక్కర్లేదు.
"పాపని బళ్ళో ఏసే ఏడు" అనుకుంటూ
కార్డు రవికలో దోపుకుంది.

సూచనలుంటే రాయమని ఆఫీసు వాళ్ళు
గళ్ళ కాగితం పంపారు.
ఒక్కో గడిలో పది మాటలు పడతాయి.
నేను పుస్తకమే పంపుతున్నా,
పదకొండో పేజీలో అంటుకున్న
ఆ నల్లటి వేలిముద్రలు తుడవకుండా.