అంచు

కాలేజీ నుంచి మూడు గోనెసంచుల పుస్తకాలొచ్చాయి.
మహంతి బాబు రసీదు ఒడియాలో రాసిచ్చి
లెక్క తెలుగులో చెప్పాడు:
పుస్తకానికి నలభై. అట్ట, వెన్ను, కుట్టు.
అంచులు సమంగా కొయ్యాలి.

పర్లాకిమిడి వానలకి చెదలు కూడా చదువుకుంటాయి.
ఇంగ్లీషు నవలల్ని అవి చివర్నుంచి మొదలెడతాయి,
అంటే పెళ్లి నుంచి.

మైదా ఉడికించాను, చిటికెడు మైలుతుత్తం కలిపాను.
లావుపాటిదొకటి చేతికొచ్చింది.
అట్ట లేదు, పేరు లేదు, రాసినవాళ్ల పేరూ లేదు,
లోపలి మనుషులు మాత్రం మిగిలారు.
దీన్నెందుకో చెదలు ముట్టలేదు.
నా ఇంగ్లీషు ఇంటరు తప్పిన చోటే ఆగిపోయింది.
అయినా చదివాను,
పక్కన ఎవరో తెలుగులో ఉన్నారు కాబట్టి.

పెన్సిలు.
జడుస్తూ మొదలై, పోనుపోను
కాగితం వెనక తగిలేంత గట్టిగా నొక్కిన పెన్సిలు.

"ఏడాదికి ఇన్నేసి వేల పౌన్లట.
పుట్ల ధాన్యంలో ఎంతవుతుందో నాన్నని అడగాలి.
వద్దులే."

"ఈ పిన్నిని చూసి అందరూ నవ్వుతున్నారు,
పెళ్లి కాని ముసలిదని.
ఆవిడ గదికి గడియ లోపల్నుంచి ఉంది.
అదెవరూ చూళ్లేదు."

"అతను అడగడం రెండు పేజీలు.
ఆమె ఒప్పుకుంది అని ఒక్క ముక్క.
ఏ మాటన్నదో నాకు వినాలనుంది."

"మిసెస్ పక్కన అతని పేరే.
పిలిస్తే ఎవరు పలకాలి?"

వెనక జేబులో కార్డు:
కుమారి పేడాడ తారిణి, బి.ఏ. రెండో ఏడు.
మళ్లీ అదే పేరు. మళ్లీ.
ఏడుసార్లు అదే పుస్తకం.
ఎనిమిదోసారి శ్రీమతి.
ఇంటిపేరు మారింది, ఇల్లెక్కడో కార్డు చెప్పదు.
గడువు దాటి పదకొండు రోజులు,
జరిమానా యాభై ఐదు పైసలు.

ఆఖరి పేజీలో చర్చి గంట, పూలు,
గుర్రబ్బండి తలుపు మూసిన చప్పుడు.
కింద జానెడు ఖాళీ.
ఖాళీలో పెన్సిలు:
"మరేటి?"

దాని కింద నీలం బాల్‌పెన్ను.
అదే వంకర 'ట', కాస్త వణుకుతూ:
"మరేటి నేదు. నలుగురు పిల్లలు.
ఈ గుంట ఎలాగుందో
చూసెళ్దామని వచ్చేను."

కార్డు మీద ఆ రాకకి తేదీ లేదు.
బీరువా దగ్గర నిలబడే రాసిందేమో,
మోచేతికి కూరల సంచీ వేళ్లాడుతుండగా.

కట్ట కత్తి కింద పెట్టాను.
సమం కావాలంటే అర అంగుళం పోవాలి.
అర అంగుళమంటే తారిణి.
చక్రం మీద చెయ్యి వేశాను,
తీశాను, టీ పెట్టుకున్నాను,
గుణుపూర్ బండి కూసుకుంటూ పోయేదాకా తాగాను.

తర్వాత కుట్టాను.
మా వీధి కొమ్ముపని ముసలాయన చేసిచ్చిన బద్దతో
ఒక్కో మడతా నొక్కాను.
చివర తెల్ల కాగితాలు రెండు వెయ్యడం పద్ధతి.
పదహారు వేశాను.

మహంతి బాబు వేళ్లతో అంచు తడిమాడు.
"ఇదేటమ్మా, ఎలక కొరికినట్టు?
వెనకింత కాగితం ఎవరికోసం?"
కత్తి మొద్దుబారింది బాబూ, అన్నాను.
రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబుంది గానీ
ఆయన అప్పటికే సంచీ మూతి కట్టేస్తున్నాడు.

కూలిలో ఐదు రూపాయలు కోశాడు.
పోనీ.
ఏదో ఒకటి కొయ్యాలి కదా.